టెక్సాస్ గ్రామీణ కౌంటీలో అరెస్టు, జైలు బుకింగ్ వివరాలు వెతకడం ఎలా: సమగ్ర మార్గదర్శి

డాలస్ నుంచి హ్యూస్టన్‌కు ఐ-45 హైవే మీద కారులో వెళ్లేవారు ఎల్లిస్, నవారో, ఫ్రీస్టోన్, లియాన్, మాడిసన్, వాకర్, మాంట్‌గొమరీ కౌంటీలను, అంటే మన జిల్లాల్లాంటి ప్రాంతాలను, వరుసగా దాటి హారిస్ కౌంటీ చేరుకుంటారు. సుమారు నాలుగు గంటల ప్రయాణమే అయినా, దారిలో తగిలే ప్రతి కౌంటీకీ ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్ (పోలీసు, జైలు వ్యవహారాలు చూసే అధికారి) వేరు, కోర్టు కాగితాలను భద్రపరిచే క్లర్కులు వేరు. టెక్సాస్‌లో ఇలాంటి కౌంటీలు 254 ఉన్నాయి. ఆ దారిలో ఏ అర్ధరాత్రో ఒక తెలుగు విద్యార్థిని పోలీసులు ఆపి తీసుకెళ్లారంటే, డాలస్‌లో ఉన్న స్నేహితులకు గానీ గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు గానీ ఎవరిని అడగాలో తోచదు. మనిషి ఎక్కడున్నాడు, ఏ అభియోగం మీద ఉన్నాడు, బెయిలు ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబులు చట్టప్రకారం బహిరంగంగా ఉండవలసినవే. అయితే అవన్నీ ఒకేచోట దొరకవు. అరెస్టయిన తొలి గంటల్లో జైలు దగ్గర, తర్వాత మేజిస్ట్రేటు దగ్గర, ఆ తర్వాత కోర్టు క్లర్కు దగ్గర, చివరికి రాష్ట్ర రికార్డుల్లో ఉంటాయి. ఏ దశలో ఏ కార్యాలయాన్ని అడగాలో తెలిసినవారికి పని సులువవుతుంది, తెలియనివారు ఇంటర్‌నెట్‌లో డబ్బు గుంజే వెబ్‌సైట్ల చేతిలో పడతారు. ఈ మార్గదర్శి టెక్సాస్ చట్టాన్ని ఆధారం చేసుకుని రాసినది.

మొదట కౌంటీని నిర్ధారించుకోవాలి

మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో ఎవరినైనా అదుపులోకి తీసుకున్నారంటే మనం ముందు పరుగెత్తేది పోలీస్ స్టేషన్‌కు. అమెరికా గ్రామీణ ప్రాంతంలో ఆ అలవాటుతో వెతికితే సమయం వృథా అవుతుంది. ఆపినవారు రాష్ట్ర హైవే పెట్రోల్ ట్రూపర్ కావచ్చు, షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ కావచ్చు, చిన్న పట్టణపు పోలీసు కావచ్చు, కానిస్టేబుల్ కావచ్చు. ఎవరు అరెస్టు చేసినా మనిషిని సాధారణంగా ఆ సంఘటన జరిగిన కౌంటీ జైలుకే తీసుకెళ్తారు. కాబట్టి అరెస్టు చేసిన విభాగం ఏదన్న ప్రశ్న కన్నా అరెస్టు ఏ కౌంటీ హద్దుల్లో జరిగిందన్న ప్రశ్న ముఖ్యం.

ఇది తేల్చుకోవడానికి ఫోన్‌లో చివరిగా పంచుకున్న లొకేషన్, చివరిసారి పెట్రోలు పోయించుకున్న చోటు, కారును టోయింగ్ చేసిన సంస్థ ఉన్న ఊరు, హైవే ఎగ్జిట్ నంబరు, తోటి ప్రయాణికుల మాట వంటి ఆధారాలు పనికొస్తాయి. ఊరి పేరు తెలిస్తే ఆ ఊరు ఏ కౌంటీలో ఉందో మ్యాపులో చూడాలి. ఫెయిర్‌ఫీల్డ్ ఫ్రీస్టోన్ కౌంటీకి, సెంటర్‌విల్ లియాన్ కౌంటీకి, మాడిసన్‌విల్ మాడిసన్ కౌంటీకి ముఖ్యపట్టణాలు. కౌంటీ కార్యాలయాలు ఎక్కువగా ఇలాంటి ముఖ్యపట్టణాల్లోనే ఉంటాయి. హద్దుకు దగ్గరలో జరిగిన అరెస్టయితే ఇరువైపుల కౌంటీల్లోనూ వెతకడం మంచిది.

మరో రెండు చిక్కులు ఉన్నాయి. జనాభా బాగా తక్కువగా ఉన్న కొన్ని కౌంటీలకు సొంత జైలు ఉండదు. అవి తమ ఖైదీలను ఒప్పందం మీద పక్క కౌంటీ జైలులో ఉంచుతాయి. కాబట్టి మొదటి కౌంటీలో పేరు లేదంటే, ఆ షెరీఫ్ కార్యాలయాన్ని ‘మీ ఖైదీలను ఎక్కడ ఉంచుతారు’ అని అడగాలి. రెండోది వాకర్ కౌంటీలోని హంట్స్‌విల్ లాంటి ఊళ్లలో ఎదురవుతుంది. అక్కడ శిక్ష పడినవారిని ఉంచే రాష్ట్ర కారాగారాలు ఉన్నాయి, వాటితో సంబంధం లేని కౌంటీ జైలు కూడా ఉంది. నిన్న రాత్రి అరెస్టయిన మనిషి కోసం రాష్ట్ర కారాగారాల జాబితాలో వెతికితే ఏమీ కనిపించదు. అది శిక్ష ఖరారైనవారి జాబితా.

బుకింగ్ పూర్తవడానికి పట్టే సమయం

బుకింగ్ అంటే అరెస్టయిన మనిషిని జైలు రికార్డుల్లో నమోదు చేయడం. జైలుకు తీసుకొచ్చిన వెంటనే పేరు జాబితాలోకి ఎక్కదు. ముందు ఒంటి మీద ఉన్న వస్తువులను లెక్కరాసి తీసుకుంటారు, వేలిముద్రలు, ఫోటో తీస్తారు, ఆరోగ్యం గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రశ్నలు అడుగుతారు, అప్పటికే ఏవైనా వారెంట్లు ఉన్నాయేమో కంప్యూటరులో చూస్తారు. రాత్రి షిఫ్టులో ఒకరిద్దరే సిబ్బంది ఉండే చిన్న జైల్లో ఇదంతా కొన్ని గంటల పని. మద్యం మత్తులో ఉన్నవారి విషయంలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ వ్యవధిలో పేరు కనిపించకపోతే కంగారు పడకూడదు, మనిషి అక్కడ లేడని తేల్చేయనూ కూడదు.

మరీ చిన్న తప్పుకు కూడా జైలుకు తీసుకెళ్తారంటే చాలామంది నమ్మరు. టెక్సాస్‌లోని లాగో విస్టా అనే ఊళ్లో సీటు బెల్టు పెట్టుకోని ఒక తల్లిని అరెస్టు చేసిన కేసులో, జరిమానా మాత్రమే ఉన్న తప్పుకైనా అరెస్టు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 2001లో తీర్పు ఇచ్చింది. అందువల్ల ‘చిన్న ట్రాఫిక్ విషయమే కదా’ అనుకుని జైలు జాబితా చూడకుండా ఊరుకోవద్దు.

జైలు రోస్టర్‌లో పేరు వెతకడం

జైలులో ప్రస్తుతం ఉన్నవారి జాబితాను అక్కడ రోస్టర్ అంటారు. దాన్ని షెరీఫ్ కార్యాలయపు అధికారిక వెబ్‌సైట్‌లోనో కౌంటీ వెబ్‌సైట్‌లోనో వెతకాలి. కొన్ని కౌంటీలు పేరు టైపు చేసి వెతికే సౌకర్యం ఇస్తాయి, కొన్ని రోజుకొకసారి పీడీఎఫ్ జాబితా పెడతాయి, కొన్ని షెరీఫ్ ఫేస్‌బుక్ పేజీలో మాత్రమే ప్రకటిస్తాయి, కొన్ని ఏదీ పెట్టవు. సెర్చ్ ఇంజిన్‌లో కౌంటీ పేరు కొట్టగానే పైన కనిపించేవి తరచుగా ప్రైవేటు సంస్థల పేజీలు. అవి పాత సమాచారాన్ని చూపిస్తూ ‘పూర్తి నివేదిక’ కోసం కార్డు నంబరు అడుగుతాయి. కౌంటీ ప్రభుత్వ వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడ ఇచ్చిన లింకు ద్వారానే రోస్టర్‌లోకి ప్రవేశించడం సురక్షితం. ఆ లింకు ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సంస్థ పేజీకి తీసుకెళ్లినా, కౌంటీయే ఇచ్చిన లింకు కాబట్టి దాన్ని నమ్మవచ్చు.

తెలుగువారికి అసలు కష్టం పేరు దగ్గర వస్తుంది, కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి. జైలు సిబ్బంది పేరును డ్రైవింగ్ లైసెన్సు నుంచో పాస్‌పోర్టు నుంచో ఎక్కిస్తారు. మనం ఇంట్లో పిలిచే పేరుకూ కాగితంలోని పేరుకూ పొంతన ఉండకపోవచ్చు. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి వల్ల ఇంటిపేరు మొదటి పేరు గడిలోనూ, అసలు పేరు చివరి పేరు గడిలోనూ పడటం మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ‘మొదటి పేరు తెలియదు’ అని అర్థమిచ్చే ఎఫ్‌ఎన్‌యూ అన్న మూడు అక్షరాలు పడతాయి. కొన్ని వ్యవస్థల్లో ఎల్‌ఎన్‌యూ అని చివరి పేరు స్థానంలోనూ వేస్తారు. అలాంటివారిని ఎఫ్‌ఎన్‌యూ, ఎల్‌ఎన్‌యూ అన్న పేర్లతోనూ వెతకాలి. వెంకట సత్య సాయి వంటి పొడవైన పేర్లు గడిలో పట్టక మధ్యలో తెగిపోతాయి, లేదా రెండు పేర్లు కలిసిపోయి ఒకే మాటగా మారతాయి.

స్పెల్లింగు తేడాలు వీటికి తోడవుతాయి. ‘శ్రీ’ని ఎస్-ఆర్-ఐ అని, ఎస్-ఆర్-ఇ-ఇ అని, ఎస్-హెచ్-ఆర్-ఐ అని రాసేవారు ఉన్నారు. ‘లక్ష్మి’లో కొందరు కె-ఎస్-హెచ్ వాడతారు, కొందరు ఎక్స్ వాడతారు. ‘చౌదరి’కి ఉన్న రూపాలకైతే లెక్కే లేదు. అందుకని పూర్తి పేరు కొట్టడం మానేసి, చివరి పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టాలి. ఫలితం రాకపోతే మొదటి పేరును చివరి పేరు గడిలో పెట్టి చూడాలి. అప్పటికీ రాకపోతే పేరు వదిలేసి బుకింగ్ తేదీ ప్రకారం జాబితాను అమర్చి, నిన్నటి నుంచి చేరిన అందరినీ ఒక్కొక్కరిగా చూడాలి. గ్రామీణ కౌంటీలో రోజుకు చేరేవారు కొద్దిమందే కాబట్టి ఈ ఆఖరి పద్ధతి పెద్ద నగరాల్లో కన్నా ఇక్కడే బాగా పనిచేస్తుంది. పుట్టినతేదీతో సరిచూసుకునేటప్పుడు అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారని గుర్తుపెట్టుకోవాలి.

జైలుకు ఫోన్ చేసి అడగడం

రోస్టర్ లేకపోయినా, ఉన్నా పేరు కనిపించకపోయినా ఫోన్ చేయాలి. 911 అత్యవసరాల కోసం ఉన్నది, ఈ పనికి దాన్ని వాడకూడదు. షెరీఫ్ కార్యాలయపు సాధారణ నంబరుకు గానీ జైలు నంబరుకు గానీ చేయాలి. కార్యాలయం సాయంత్రం మూసేసినా జైలులో రాత్రంతా మనిషి ఉంటాడు. పూర్తి పేరు, పుట్టినతేదీ చెప్పి, పేరును అక్షరం అక్షరంగా పలికి, మనిషి మీ దగ్గర ఉన్నారా, బుకింగ్ పూర్తయిందా, బుకింగ్ నంబరు ఎంత, అభియోగాలు ఏమిటి, బెయిలు నిర్ణయించారా, మేజిస్ట్రేటు ముందుకు ఎప్పుడు తీసుకెళ్తారు, వేరే సంస్థ ఏదైనా హోల్డ్ (మనిషిని విడుదల చేయకుండా ఆపమన్న సూచన) పెట్టిందా అని వరుసగా అడగాలి. చెప్పినవి తేదీ, సమయంతో సహా రాసుకోవాలి. అక్కడి సిబ్బందితో కేసు మంచిచెడ్డలు చర్చించడం వల్ల ప్రయోజనం లేదు. అలాగే లోపలున్న మనిషి ఫోన్ చేసినప్పుడు సంఘటన గురించి మాట్లాడనివ్వకూడదు. జైలు ఫోన్లు రికార్డవుతాయి, ఆ మాటలు తెలుగులో ఉన్నా అనువదించి కోర్టులో వాడగలరు.

రోస్టర్‌లోని వరుసను చదవడం

పేరు దొరికాక ఆ వరుసలో ఏముందో జాగ్రత్తగా చదవాలి. బుకింగ్ నంబరు ఈ అరెస్టుకు మాత్రమే చెందినది. షెరీఫ్ ఆఫీసు నంబరు సాధారణంగా మనిషికి ఇచ్చేది, మళ్లీ అరెస్టయినా అదే ఉంటుంది. కోర్టులో కేసు నమోదయ్యాక వచ్చే కాజ్ నంబరు ఈ రెండింటికీ భిన్నమైనది, మొదటి రోజున అది ఉండకపోవచ్చు.

అభియోగం పక్కన ఎంఏ, ఎంబీ, ఎంసీ అన్న అక్షరాలు కనిపిస్తే అవి మిస్‌డిమీనర్ అనే చిన్న నేరాల తరగతులు. సి తరగతికి 500 డాలర్ల వరకు జరిమానా మాత్రమే ఉంటుంది. బి తరగతికి 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా, ఎ తరగతికి ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా ఉంటాయి. మద్యం తాగి వాహనం నడిపిన మొదటి కేసు మామూలుగా బి తరగతిలోకి వస్తుంది, రక్తంలో మద్యం 0.15 లేదా అంతకు మించి ఉంటే ఎ తరగతికి పెరుగుతుంది. ఎఫ్ అక్షరంతో మొదలయ్యేవి ఫెలొనీలు, అంటే తీవ్ర నేరాలు. మద్యం కేసులో అరెస్టు తేదీని వెంటనే రాసిపెట్టుకోవాలి. లైసెన్సు సస్పెన్షన్ నోటీసు అందిన నాటి నుంచి 15 రోజుల్లోపు రాష్ట్ర ప్రజాభద్రతా విభాగాన్ని విచారణ కోరకపోతే ఆ అవకాశం పోతుంది, ఆ నోటీసును చాలాసార్లు అరెస్టు రోజునే చేతికిస్తారు.

బాండ్ గడిలో అంకె ఉంటే మేజిస్ట్రేటు బెయిలు నిర్ణయించారని అర్థం. క్యాష్ బాండ్ అంటే మొత్తం సొమ్మును మనమే కట్టాలి. నిందితుడు ప్రతి వాయిదాకూ హాజరైతే కేసు ముగిశాక అది తిరిగి వస్తుంది. ష్యూరిటీ బాండ్ అంటే బెయిలు ఏజెంటు పూచీ ఉంటాడు, అతడు తీసుకునే రుసుము తిరిగి రాదు. పీఆర్ బాండ్ అంటే సొంత పూచీకత్తు మీద విడుదల. అయితే బాండ్ అంకెను చూసి తొందరపడి డబ్బు కట్టే ముందు హోల్డ్ గడిని చూడాలి. వేరే కౌంటీ వారెంటు ఉన్నా, వలస విభాగమైన ఐస్ డిటెయినర్ (తమకు అప్పగించేదాకా ఆపమనే అభ్యర్థన) పెట్టినా, బెయిలు కట్టిన తర్వాత మనిషి ఇంటికి రాకుండా ఆ సంస్థ చేతిలోకి వెళ్లిపోతాడు. వలస డిటెయినర్లను కౌంటీ జైళ్లు పాటించి తీరాలని టెక్సాస్ శాసనసభ 2017లోనే చట్టం చేసింది. వీసా మీద ఉన్నవారి విషయంలో బెయిలు ఏజెంటుకు ఫోన్ చేసే ముందే వలస న్యాయవాదితో మాట్లాడాలని నేను గట్టిగా చెబుతాను.

పేరు జాబితా నుంచి మాయమైతే

నిన్న కనిపించిన పేరు ఈ ఉదయం లేకపోతే నాలుగు కారణాలు ఉండవచ్చు: విడుదలయ్యారు, వేరే కౌంటీకి పంపారు, ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) అదుపులోకి తీసుకున్నారు, ఐస్ తీసుకెళ్లింది. ముందు జైలుకే ఫోన్ చేసి ‘విడుదలా, బదిలీనా, బదిలీ అయితే ఎవరికి’ అని అడగాలి.

ఐస్ చేతిలో ఉన్నవారిని వెతకడానికి ఆ సంస్థ నడిపే ఆన్‌లైన్ డిటెయినీ లొకేటర్ ఉచితంగా అందుబాటులో ఉంది. వలస విభాగం విదేశీయులకు ఇచ్చే తొమ్మిది అంకెల ఏ-నంబరు, పుట్టిన దేశం ఇచ్చి వెతకవచ్చు, ఏ-నంబరు లేకపోతే పేరు, పుట్టిన దేశం ఇవ్వవచ్చు. ఇక్కడ కౌంటీ రోస్టర్‌లో పనిచేసిన చిట్కా పనిచేయదు. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. అందువల్ల పైన చెప్పిన రూపాలన్నీ, ఎఫ్‌ఎన్‌యూతో సహా, ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాలి. బదిలీ జరిగిన వెంటనే సమాచారం ఎక్కకపోవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలు అందులో ఉండవు. టెక్సాస్‌లోని వలస నిర్బంధ కేంద్రాల్లో కొన్ని పియర్సాల్, డిల్లీ, ఆన్సన్, లివింగ్‌స్టన్ వంటి చిన్న ఊళ్లలో ఉన్నాయి. కాబట్టి మనిషిని అరెస్టు చేసిన చోటికి వందల మైళ్ల దూరంలో కనుగొనడం ఆశ్చర్యమేమీ కాదు.

ఫెడరల్ కేసైతే యూఎస్ మార్షల్స్ సర్వీస్ విచారణ దశలోని ఖైదీలను ఒప్పందం మీద కౌంటీ జైళ్లలోనే ఉంచుతుంది. ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ అనే వ్యవస్థలో పేజీకి పది సెంట్ల చొప్పున దొరుకుతాయి, మూడు నెలల వాడకం 30 డాలర్లు దాటకపోతే రుసుము రద్దు చేస్తారు.

నిర్బంధంలో ఉన్న భారతీయుడు కోరితే భారత కాన్సులేటుకు తెలియజేయవలసిన బాధ్యత 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం అధికారుల మీద ఉంటుంది. భారతీయుల విషయంలో ఆ కోరిక నిర్బంధంలో ఉన్న వ్యక్తి నుంచే రావాలి. కాబట్టి లోపలివారితో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ మాట చెప్పాలి. కుటుంబం తన వైపు నుంచి హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ జనరల్‌కు నేరుగా సమాచారం ఇవ్వవచ్చు.

మేజిస్ట్రేటు నుంచి కోర్టు క్లర్కు వరకు

భారతదేశంలో అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. టెక్సాస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 15.17 అధికరణం ప్రకారం ఆ గడువు 48 గంటలు. గ్రామీణ కౌంటీల్లో ఈ పనిని ఎక్కువగా జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక న్యాయాధికారి చేస్తారు. కొన్నిచోట్ల జైలులోనే వీడియో ద్వారా జరుగుతుంది. హక్కులు చెప్పడం, బెయిలు నిర్ణయించడం, ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది కావాలా అని అడగడం ఆ సమయంలోనే జరుగుతాయి. ఆ కోరిక కోర్టుకు అందాక, రెండున్నర లక్షల కన్నా తక్కువ జనాభా ఉన్న కౌంటీల్లో మూడు పనిదినాల్లోపు న్యాయవాదిని నియమించాలి. ఇందుకు పౌరసత్వం అవసరం లేదు. ఈ దశకు సంబంధించిన కాగితాల నకలు జస్టిస్ ఆఫ్ ది పీస్ కార్యాలయంలోనో, తర్వాత కేసు చేరే క్లర్కు దగ్గరో అడగాలి.

క్లర్కు ఎవరన్నది నేరం తరగతిని బట్టి మారుతుంది. ఫెలొనీ కేసులు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర, ఎ, బి తరగతి మిస్‌డిమీనర్లు మామూలుగా కౌంటీ క్లర్కు దగ్గర, సి తరగతివి జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులోనో పట్టణపు మునిసిపల్ కోర్టులోనో ఉంటాయి. ఎనిమిది వేల లోపు జనాభా ఉన్న కౌంటీల్లో డిస్ట్రిక్ట్, కౌంటీ క్లర్కు పదవులు రెండూ ఒకరే నిర్వహించడానికి రాష్ట్ర రాజ్యాంగం వీలు కల్పించింది. అలాంటి చోట ఒక్క కిటికీ దగ్గరే పని పూర్తవుతుంది. జనం తక్కువగా ఉండే కార్యాలయం కాబట్టి ఫోన్ ఎత్తే మనిషే ఫైలు తీసి చూసి చెబుతారు. ఈ విషయంలో గ్రామీణ కౌంటీ పెద్ద నగరం కన్నా ఎంతో నయం.

జైలు రోస్టర్‌లోని అభియోగమూ కోర్టులో నమోదైన అభియోగమూ ఒకటే కావాలన్న నియమం లేదు. మొదటిది అరెస్టు చేసిన అధికారి రాసినది. దాన్ని పరిశీలించి కేసు పెట్టాలా వద్దా, ఏ తరగతిలో పెట్టాలి అన్నది ప్రాసిక్యూటరు నిర్ణయిస్తారు, ఫెలొనీ అయితే గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) కూడా చూస్తుంది. కొన్నిసార్లు అభియోగం తగ్గుతుంది, పెరుగుతుంది, అసలు కేసే పెట్టకుండా వదిలేస్తారు. అందుకే రోస్టర్ చూసి ఆగిపోకుండా కొన్ని వారాల తర్వాత క్లర్కు దగ్గర కాజ్ నంబరుతో కేసు స్థితి చూడాలి. రీసెర్చ్-టీఎక్స్ అనే రాష్ట్రవ్యాప్త పోర్టల్‌లో ఖాతా తెరిచి కొన్ని కోర్టు వివరాలు చూడవచ్చు. అక్కడ కనిపించలేదంటే కేసు లేదని అర్థం కాదు, చిన్న కౌంటీల క్రిమినల్ ఫైళ్లకు క్లర్కు కార్యాలయమే ఆధారం. ఆ కార్యాలయాల్లో నకళ్ల రుసుము సాధారణంగా పేజీకి ఒక డాలరు, ధ్రువీకరణ ముద్రకు అదనం.

రాష్ట్ర ప్రజాభద్రతా విభాగం తన వెబ్‌సైట్‌లో కొద్ది రుసుముతో పేరు వెతికే సౌకర్యం ఇస్తుంది. సామాన్య ప్రజలకు అందులో శిక్షలు, డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషిగా తేల్చడాన్ని షరతులతో వాయిదా వేయడం) ఉత్తర్వులు కనిపిస్తాయి, అరెస్టుతో ఆగిపోయినవి కనిపించవు. నిన్నటి అరెస్టు కోసం అక్కడ డబ్బు ఖర్చు పెట్టవద్దు.

పాత బుకింగ్ కోసం లిఖితపూర్వక అభ్యర్థన

విడుదలైన వెంటనే చాలా రోస్టర్లు పేరును తీసేస్తాయి. నెలల కిందటో ఏళ్ల కిందటో జరిగిన బుకింగ్ వివరాలు కావాలంటే టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం, అంటే ప్రభుత్వ కోడ్ 552వ అధ్యాయం కింద అడగాలి. మన సమాచార హక్కు చట్టం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఎన్నికైన అధికారి కాబట్టి షెరీఫ్ స్వయంగా తన కార్యాలయానికి సమాచార అధికారి. కార్యాలయం ఇందుకోసం కేటాయించిన ఈమెయిల్ చిరునామాకు గానీ తపాలా ద్వారా గానీ చేతికి గానీ ఇవ్వవచ్చు. ఫోన్‌లో అడిగినది ఈ చట్టం కింద అభ్యర్థన కాదు.

ఉత్తరంలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి. మొదటిది, ఇది 552వ అధ్యాయం కింద అభ్యర్థన అన్న మాట. రెండోది, వ్యక్తి పూర్తి పేరు, ఇతర స్పెల్లింగులు, పుట్టినతేదీ, అరెస్టయిన తేదీ లేదా తేదీల మధ్య వ్యవధి. మూడోది, మీకు కావలసిన కాగితం పేరు: బుకింగ్ షీటు, అరెస్టు నివేదికలోని ప్రాథమిక సమాచారం, విడుదల లేదా బదిలీ నమోదు, బాండ్ వివరాలు. ‘ఈ వ్యక్తి గురించి ఉన్నదంతా ఇవ్వండి’ అని రాస్తే జవాబు ఆలస్యమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. అభ్యర్థన అర్థం కాకపోతే వివరణ అడగవచ్చు గానీ, ఉద్దేశం ఏమిటని అడిగే అధికారం వారికి లేదు.

దర్యాప్తులో ఉన్న కేసు కాగితాలను ఆపే హక్కు చట్టంలోని 552.108 సెక్షన్ పోలీసు విభాగాలకు ఇస్తుంది. అదే సెక్షన్ చివర, అరెస్టయిన వ్యక్తి గురించి, అరెస్టు గురించి, నేరం గురించి ఉన్న ప్రాథమిక సమాచారాన్ని మాత్రం ఆపడానికి వీల్లేదని ఉంది. పేరు, వయసు, అరెస్టు తేదీ, సమయం, స్థలం, అభియోగం, బుకింగ్, విడుదల, బాండ్ వివరాలు ఈ ప్రాథమిక సమాచారంలోకి వస్తాయని 1970ల నుంచి కోర్టు తీర్పులు, అటార్నీ జనరల్ నిర్ణయాలు చెబుతున్నాయి. ‘కేసు నడుస్తోంది, ఏమీ ఇవ్వం’ అన్న జవాబు వస్తే ఈ సెక్షన్‌ను ఉటంకిస్తూ మర్యాదగా మళ్లీ రాయాలి.

కార్యాలయం సత్వరం స్పందించాలి. సమాచారాన్ని ఆపదలుచుకుంటే పది పనిదినాల్లోపు అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. మామూలు కాగితం నకలుకు పేజీకి పది సెంట్లు రుసుము. యాభై పేజీలు దాటని అభ్యర్థనకు సాధారణంగా సిబ్బంది శ్రమకు రుసుము వేయరు, మొత్తం 40 డాలర్లు దాటేలా ఉంటే ముందుగా అంచనా పంపాలి. ఈ చట్టం కోర్టులకు వర్తించదు, కాబట్టి క్లర్కుకు ఇదే ఉత్తరం పంపడం వల్ల ఉపయోగం లేదు. బాలనేరస్థుల రికార్డులు గోప్యమైనవి. కానీ టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారిని క్రిమినల్ చట్టం పెద్దవారిగానే చూస్తుంది.

టెక్సాస్ వెలుపల ఉన్నవారు ఇదే క్రమాన్ని తమ రాష్ట్ర చట్టానికి సరిచూసుకోవాలి. కనెటికట్, డెలావేర్, రోడ్ ఐలండ్, వెర్మాంట్, హవాయి, అలాస్కాల్లో జైళ్లను ప్రధానంగా రాష్ట్రమే నడుపుతుంది, కాబట్టి అక్కడ కౌంటీ షెరీఫ్ దగ్గర కాకుండా రాష్ట్ర కారాగార విభాగం దగ్గర వెతకాలి. 1994లో కెంటకీ రాష్ట్రంలో బాధితుల కోసం మొదలైన వైన్ అనే సమాచార వ్యవస్థ చాలా రాష్ట్రాల్లో అరెస్టయినవారి విడుదల, బదిలీ వివరాలను ఉచితంగా తెలుపుతుంది.

ఈ సమాచారాన్ని వాడేటప్పుడు

రోస్టర్ బహిరంగం కాబట్టే మోసగాళ్లు కూడా దాన్ని చదువుతారు. అరెస్టయిన వ్యక్తి పేరు, అభియోగం, బుకింగ్ నంబరు సరిగ్గా చెప్పి, తాము షెరీఫ్ కార్యాలయం నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, గిఫ్ట్ కార్డులతోనో, ఫోన్‌లో డబ్బు పంపే జెల్ సేవతోనో బెయిలు కట్టమంటారు. జైలు సిబ్బంది కుటుంబాలకు ఫోన్ చేసి అలా డబ్బు అడగరు. ఫోన్ పెట్టేసి, కౌంటీ వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే చేసి కనుక్కోవాలి.

అరెస్టు అంటే నేరం రుజువైందని కాదు. బుకింగ్ ఫోటోను వాట్సాప్ గ్రూపుల్లో, సంఘం పేజీల్లో తిప్పడం ఎంత దారుణమో ఒక కుటుంబం మీద పడ్డప్పుడే తెలుస్తుంది. కేసు కొట్టేసిన తర్వాత కూడా ఆ ఫోటో ఊళ్లో పెళ్లి సంబంధం దాకా వెంటాడుతుంది. వెతికి కనుక్కున్న వివరాలు న్యాయవాదికి, దగ్గరి కుటుంబానికి చేరితే చాలు. ఉద్యోగం ఇవ్వడానికో ఇల్లు అద్దెకు ఇవ్వడానికో ఎవరి చరిత్రనైనా చూడాలనుకునేవారు సొంతంగా రోస్టర్ తవ్వి నిర్ణయం తీసుకోకుండా, 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి లోబడి పనిచేసే సంస్థ ద్వారా, ఆ వ్యక్తి లిఖిత అనుమతితో చూడాలి.

ప్రైవేటు మగ్‌షాట్ (బుకింగ్ ఫోటోల) వెబ్‌సైట్లు ఫోటో తీసేయడానికి డబ్బు అడిగితే ఇవ్వవద్దు. అలా రుసుము వసూలు చేసే సంస్థల మీద టెక్సాస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 109వ అధ్యాయం 2013 నుంచి నియంత్రణలు పెట్టింది.

కేసు ముగిశాక తీసిపెట్టుకోవలసిన కాగితాలు

కేసు ఏ రకంగా ముగిసినా క్లర్కు దగ్గర కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకృత డిస్పోజిషన్ నకళ్లు రెండు మూడు తీసుకుని భద్రపరచాలి. వీసా దరఖాస్తు డీఎస్-160లోనూ, పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లోనూ అరెస్టుల గురించి ప్రశ్నలు ఉంటాయి. తుడిచిపెట్టిన కేసుల గురించి కూడా అక్కడ చెప్పవలసి వస్తుంది. ఏళ్ల తర్వాత కాగితం కోసం పరుగెత్తితే, ముఖ్యంగా ఎక్స్‌పంక్షన్ (రికార్డు చెరిపివేత) ఉత్తర్వు అమలయ్యాక, క్లర్కు దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలి ఉండదు.

అందుకే క్రమం ముఖ్యం. కేసు కొట్టేస్తే లేదా నిర్దోషిగా తేలితే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఎక్స్‌పంక్షన్ నిబంధనల కింద అరెస్టు రికార్డును చెరిపేయమని కోర్టును కోరవచ్చు. 2025 జనవరి 1 నుంచి ఈ నిబంధనలు 55ఏ అధ్యాయంలో ఉన్నాయి. డిఫర్డ్ అడ్జుడికేషన్ పూర్తిచేసినవారిలో అర్హులకు ప్రజలకు కనిపించకుండా ఉంచే నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు దొరుకుతుంది. అయితే టెక్సాస్ చట్టం శిక్షగా లెక్కించని ఈ డిఫర్డ్ అడ్జుడికేషన్‌ను ఫెడరల్ వలస చట్టం శిక్షగానే పరిగణిస్తుంది. నేరాంగీకారం వల్ల దేశం నుంచి పంపివేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి న్యాయవాది తన కక్షిదారుకు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది. కాబట్టి అంగీకార పత్రం మీద సంతకం పెట్టకముందే క్రిమినల్ న్యాయవాదినీ వలస న్యాయవాదినీ కలిపి మాట్లాడించాలి. ధ్రువీకృత నకళ్లు చేతికి వచ్చాకే ఎక్స్‌పంక్షన్ పిటిషన్ వేయాలి. పిటిషన్‌లో అరెస్టు చేసిన విభాగం, షెరీఫ్ కార్యాలయం, ప్రాసిక్యూటరు, కోర్టు క్లర్కు, రాష్ట్ర ప్రజాభద్రతా విభాగంతో పాటు ఆ రికార్డు చేరిన ప్రతి సంస్థ పేరూ రాయాలి. రాయని సంస్థ దగ్గర ఆ రికార్డు అలాగే మిగిలిపోతుంది.